సీర్‌సక్కర్‌తో వేసవి కుర్తీ: ముడత పోకుండా ఎలా కుట్టుకోవాలి

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే మా గుంటూరు వైపు మధ్యాహ్నం పూట ఏ బట్ట వేసుకున్నా వీపుకి అంటుకుపోతుంది. మంచి నూలు బట్టయినా అంతే. చెమటకి బట్ట తడుస్తుంది, తడిసి ఒంటికి అతుక్కుంటుంది, అతుక్కున్న చోట గాలి ఆడదు, గాలి ఆడకపోతే చెమట ఆరదు. సీర్‌సక్కర్ బట్ట అసలు ఆ అతుక్కోవడమే జరగనివ్వదు. ఒక చార సాపుగా, పక్క చార ముడతలు ముడతలుగా నేస్తారు. ఒంటికి తగిలేది ఆ ముడతల కొసలు మాత్రమే. మిగతా బట్ట చర్మానికి కాస్త ఎడంగా ఉండిపోతుంది, ఆ సందులోంచి గాలి ఆడుతుంది.

అమ్మకి నైటీలు, పిల్లలకి చొక్కాలు, నాకు కుర్తీలు ఈ బట్టతో చాలానే కుట్టాను. ఇక్కడ కుర్తీ కుట్టే పద్ధతి చెప్తాను, అది వచ్చాక మిగతావి వాటంతట అవే వస్తాయి. మొదటి నుంచి చివరిదాకా గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: ఆ ముడతని అణచకూడదు. కొనేటప్పుడు, కత్తిరించేటప్పుడు, కుట్టేటప్పుడు, ఉతికేటప్పుడు మన అలవాట్లన్నీ బట్టని సాపు చేసేవే. ఈ బట్ట దగ్గర వాటిలో సగం మానుకోవాలి.

ముందు ఆ ముడతని చూడండి

మామూలు బట్టకి పడుగు దారాలన్నీ, అంటే నిలువు దారాలన్నీ, ఒకే బిగువులో ఉంటాయి. సీర్‌సక్కర్‌కి పడుగు రెండు బీముల (మగ్గంలో దారం చుట్టి ఉండే దూలాల) మీద నుంచి వస్తుంది. ఒక బీము దారాలు బిగుతుగా, రెండో బీము దారాలు వదులుగా. పేక (అడ్డ దారం) కొట్టేకొద్దీ వదులు దారాలకి పోవడానికి చోటు లేక పైకి లేస్తాయి, అదే ముడత. దీన్ని నెమ్మదిగా నేయాలి, దారమూ ఎక్కువ పడుతుంది. అందుకే మామూలు చారల కాటన్ కంటే ధర కొంచెం ఎక్కువ.

ఒక చిన్న ముక్క దొరికితే ఈ పని చేసి చూడండి. పక్కపక్కనే ఉన్న సాపు చారలోంచి ఒక నిలువు దారం, ముడత చారలోంచి ఒక నిలువు దారం లాగండి. రెండింటినీ వేలి మీద పెట్టి వంకర పోయేలా మెల్లగా నిమరండి. ఒకే ముక్కలోంచి వచ్చినవే అయినా ముడత చార దారం పొడవుగా తేలుతుంది. ఆ మిగులు పొడవే ముడతగా నిలబడింది. ఇది ఒకసారి కంటితో చూస్తే, ఈ బట్టని ఎందుకు సాగదీయకూడదో, ఎందుకు గట్టిగా ఇస్త్రీ చేయకూడదో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

పేరు పారశీకం నుంచి వచ్చింది. షీర్-ఓ-షకర్, అంటే పాలూ చక్కెరా. సాపు చార పాలు, గరుకు చార చక్కెర. 18వ శతాబ్దంలో బెంగాల్ నుంచి ఇంగ్లండుకి ఓడల్లో వెళ్ళిన బట్టల్లో ఈ పేరుతో ఒక రకం ఉండేది. తర్వాత అమెరికా దక్షిణాదిలో, మన కోస్తాలాగే ఉక్కపోత ఉండే న్యూ ఆర్లియన్స్‌లో జోసెఫ్ హాస్పెల్ అనే ఆయన 1909 నుంచి దీంతో మగవాళ్ళ సూట్లు కుట్టించి అమ్మాడు. సూటు వేసుకోక తప్పని ఉద్యోగస్తులకి ఆ ఎండలో ఇది ఎంత ఊరటనిచ్చి ఉంటుందో మే నెలలో బెజవాడ బస్‌స్టాండులో నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది.

కొట్టులో ఏం చూడాలి

సీర్‌సక్కర్ అని అడిగితే కొన్ని కొట్లలో క్రష్ బట్టలు, క్రింకిల్ బట్టలు కూడా తీసి ముందు పరుస్తారు. చూడ్డానికి అన్నీ ముడతలే. తేడా ఇలా పట్టుకోండి.

మొదట, నూలు బట్టేనా అని చూడండి. అంచు నుంచి ఒక దారం ఇమ్మని అడిగి, కొట్టు బయటికి వచ్చి అగ్గిపుల్లతో కాల్చండి. నూలు దారం కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ళ మధ్య నలిపితే బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి, చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది (చల్లారేదాకా ముట్టుకోకండి). రెండూ కలిసిన దారమైతే బూడిదలో గట్టి పలుకులు తగులుతాయి. పాలిస్టరు బట్టకి ముడతలు ఎంత అందంగా ఉన్నా చెమట పీల్చదు, దాన్ని వేసవికి తీసుకోవద్దు.

రెండోది, చారలు నేసినవా, అచ్చు వేసినవా? బట్ట తిరగేయండి. రంగు దారాలతో నేస్తే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసింది తిరగవైపు వెలవెలబోతుంది. అచ్చు వేసినంత మాత్రాన చెడ్డ బట్ట కాదు గాని, నేసిన చారది రంగూ నిలుస్తుంది, కుట్టేటప్పుడు గీత వెంట పోవడమూ సులువు.

మూడోది ముఖ్యం. ముడత నేతలో పుట్టిందా, తర్వాత పెట్టిందా? పల్చటి నూలు బట్ట మీద కాస్టిక్ సోడా చారలుగా వేస్తే ఆ చారలు కుంచించుకుపోయి పక్కవి ఉబ్బుతాయి. దాన్ని ప్లిసే అంటారు. చవక, మెత్తన, కానీ ఇస్త్రీకీ వాడకానికీ ముడత తగ్గుతూ పోతుంది. వేడితో ఒత్తి ముడత పెట్టిన బట్టలు ఇంకా తొందరగా సాపవుతాయి. అనుమానంగా ఉంటే పావు మీటరు ముక్క తెచ్చుకుని, తడిపి, గట్టిగా ఇస్త్రీ చేసి సాపు చేయండి. తర్వాత నీళ్ళలో ముంచి, పిండకుండా ఆరేయండి. నేతలో పుట్టిన ముడత మళ్ళీ లేచి కూర్చుంటుంది.

సాగే దారం కలిపిన రకాలు కూడా ఉన్నాయి. రెండు చేతులతో అడ్డంగా లాగి వదిలితే రబ్బరులా వెనక్కి వస్తే అదే. అవి ఒంటిని పట్టి ఉంటాయి, మనకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

రంగుల్లో నా మాట: పూర్తి తెలుపు వద్దు. వెలుతురుకి పట్టి చూస్తే సాపు చారలు పల్చగా కనిపిస్తాయి, అప్పుడు లైనింగ్ వేయాలనిపిస్తుంది, లైనింగ్ వేస్తే ఇంత చూసి కొన్నదంతా వృథా. తెలుపు-నీలం, తెలుపు-బూడిద, లేత ఆకుపచ్చ చారలు ఎండకీ బాగుంటాయి, లోపలి బట్టా కనపడదు. మొదటిసారి కుట్టేవాళ్ళు గళ్ళు తీసుకోకండి, నిలువు చారలు చాలు.

ఎంత తీసుకోవాలి

42 అంగుళాల పొడవు, మోచేతి పైదాకా చేతులు ఉండే కుర్తీకి, 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే రెండున్నర మీటర్లు సరిపోతుంది. కుంచించుకుపోవడానికీ చారలు కలపడానికీ కలిపి 2.75 మీటర్లు తీసుకోండి. 58 అంగుళాల పన్నా అయితే ముందు భాగం, వెనక భాగం పక్కపక్కనే పడతాయి కాబట్టి 2 మీటర్లు చాలు. దీంతోపాటు అదే రంగులో సాదా పాప్లిన్ పావు మీటరు కూడా తెచ్చుకోండి. అది ఎందుకో మెడ దగ్గర చెప్తాను. కొలిచేటప్పుడు కొట్టతను బట్టని కర్ర మీద లాగిపెట్టి కొలుస్తుంటే, వదులుగా పెట్టి కొలవమని అడగండి. ముడత బట్టకి ఆ లాగుడులోనే నాలుగు వేళ్ళు పోతాయి.

ముందు తడపండి, ఇస్త్రీ చేయకండి

నా మొదటి కుర్తీ ఇక్కడే పాడైంది. అన్ని కాటన్లకీ చేసినట్టే బట్టని బల్ల మీద పరిచి, నీళ్ళు చల్లి, అద్దంలా ఇస్త్రీ చేసి కత్తిరించాను. కుట్టాక అతికినట్టు సరిపోయింది. మొదటి ఉతుకు అవగానే ముడతలు తిరిగి లేచాయి, బట్ట లోపలికి లాక్కుంది, చంకల దగ్గర పట్టేసింది. వేసుకుని చెయ్యెత్తితే భుజం కుట్టు పటపటమంది. విప్పి వెడల్పు చేద్దామన్నా లోపల మడతకి అర అంగుళమే వదిలాను.

అందుకని ఇలా చేయండి. బట్ట ఒక మూల కుట్టుదారంతో నిలువునా సరిగ్గా 50 సెంటీమీటర్లకి రెండు గుర్తులు పెట్టండి. బట్టని ఇకముందు ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. మిషన్‌లో వేసే ఇల్లయితే మిషన్‌లోనే. మెలిపెట్టి పిండకుండా ఒకసారి దులిపి నీడన ఆరేయండి. ఆరాక ఆ గుర్తుల మధ్య దూరం కొలిస్తే ఎంత కుంచించుకుందో తెలుస్తుంది. 48 వచ్చిందంటే నూటికి నాలుగు పోయినట్టు. ఇంకొకసారి ఉతికి మళ్ళీ 48 వస్తే ఇక కత్తిరించవచ్చు.

కొలత, కత్తిరింపు

ఈ బట్టకి ఒంటిని పట్టి ఉండే కటింగ్ పనికిరాదు. మామూలు కుర్తీకి చాతీ కొలత మీద రెండు, మూడు అంగుళాలు వదులు కలుపుతాం. దీనికి ఐదు కలపండి. చాతీ 38 అయితే 43, దానిలో నాలుగో వంతు పదిముప్పావు, ప్రక్క కుట్టుకి ఇంకో అంగుళం. చంక లోతు ఎప్పుడూ పెట్టేదానికన్నా అర అంగుళం దించండి. చేతుల మూతి 14 అంగుళాలకి తగ్గకుండా ఉంచండి, గాలి లోపలికి వెళ్ళే దారి అదే. చాతీకి టక్కులు పెట్టకండి. ముడత మీద టక్కు వేస్తే కొస బొడిపెలా నిలుస్తుంది. కుచ్చులు కూడా వద్దు, ఇప్పటికే ఉబ్బుగా ఉన్న బట్ట ఇంకా లావుగా కనిపిస్తుంది.

పరిచేటప్పుడు బట్టని చేత్తో సర్ది వదిలేయండి, అరచేత్తో ఒత్తి సాపు చేయకండి. మడిచి రెండు పొరలు ఒకేసారి కత్తిరించడం మన అలవాటు. ఇక్కడ పై చార కింది చార మీద సరిగ్గా పడిందో లేదో పైనుంచి కనపడదు. ఓపిక ఉంటే ఒక్కో పొర కత్తిరించండి. లేదంటే మడత మీద ప్రతి నాలుగైదు చారలకీ గుండుసూది గుచ్చి, అది కింద అదే చారలోంచి బయటికి వచ్చిందా అని తిరగేసి చూడండి. గుండుసూదులు సాపు చారలోనే గుచ్చండి. కాగితం మీద గీసిన కటింగ్ కదలకుండా ఇస్త్రీ పెట్టె, రెండు డబ్బాలు బరువుగా పెట్టుకోవచ్చు.

చాక్‌తో గీస్తే గీత ముడత కొసల మీదే పడి మధ్యలో తెగిపోతుంది. చంక మధ్య, భుజం కొస, సైడ్ కట్ మొదలయ్యే చోటు లాంటివి చిన్న కత్తిరింపుతోనో రంగు దారం టాకతోనో గుర్తుపెట్టుకోండి.

కుర్తీ అంతా నిలువు చారే వస్తుంది గనక జేబుని ఏటవాలుగా కత్తిరించండి. చారలు కలపాల్సిన పనే ఉండదు, పైగా చూడముచ్చటగా ఉంటుంది. భుజం మీద వీపు పట్టీ పెట్టేటట్టయితే దాన్ని అడ్డ చారలో కత్తిరించుకోవచ్చు. చొక్కా కుట్టే టైలర్లు చేసే పనే ఇది.

మిషన్ సర్దుకోవడం

ఇక్కడ చాలామందికి కంగారు వస్తుంది, పై పొర ముందుకి జరిగి చివర అంగుళం మిగిలిపోతుంది కాబట్టి. కారణం మిషన్ పాదం. ముడత మీద నుంచి పోతూ పై బట్టని చీపురులా ముందుకి నెడుతుంది, కింది బట్టని మిషన్ పళ్ళు లాక్కుంటాయి. పాదం మీద ఒత్తిడి తగ్గించే మర మీ మిషన్‌కి ఉంటే కొంచెం వదులు చేయండి. సూది 14 నంబరు, పల్చటి బట్టయితే 11, కొత్తది పెట్టండి. మొద్దు సూది ఈ బట్టలో దారాలు లాగేస్తుంది. కుట్టు అంగుళానికి తొమ్మిది, పది పడేలా ఉంచండి. మరీ దగ్గర కుట్టయితే చార ముడుచుకుపోయి కుట్టు వెంట రెండో ముడత వస్తుంది.

పై దారం బిగువు ఎంతుండాలో లెక్కతో చెప్పలేం. మిగిలిన ముక్కలు రెండు కలిపి, ఒక జానెడు నిలువుగా, ఒక జానెడు అడ్డంగా కుట్టి చూడండి. అడ్డంగా కుట్టినప్పుడు సూది సాపు చార, ముడత చార మారి మారి దాటుతుంది. ముడత చారలో కింది వైపు దారం గుచ్చలుగా వేలాడితే పై దారం వదులైనట్టు, కుట్టు వెంట బట్ట లాక్కుపోతే బిగుతైనట్టు.

కుట్టేటప్పుడు వెనక నుంచి లాగకండి, ముందు నుంచి నెట్టకండి. రెండు కొసలూ మధ్యా గుండుసూదులతో కలిపి, వాటి మధ్యలో బట్టని చేత్తో సమానంగా సర్దుకుంటూ రండి. పొడుగాటి ప్రక్క కుట్లకి కచ్చాకుట్టు వేసుకుంటే పది నిమిషాలు పడుతుంది, విప్పి మళ్ళీ కుట్టే గంట మిగులుతుంది.

కుట్టే వరుస

జేబు మొదట. ముందు భాగం ఇంకా దేనికీ కలపకుండా విడిగా ఉన్నప్పుడే అతకాలి. తర్వాత భుజాలు, మెడ, చేతులు, ప్రక్కలు, చివరికి అంచులు.

మెడ దగ్గర ఆగి చెప్తాను. మామూలుగా మెడకి అదే బట్టతో పట్టీ వేసి, లోపల అతికించే క్యాన్వాస్ పెట్టి ఇస్త్రీ చేస్తాం. సీర్‌సక్కర్‌కి ఆ క్యాన్వాస్ నిలవదు. జిగురు ముడత కొసలకే అంటుకుంటుంది, పల్లాల్లో అంటదు. రెండు ఉతుకులకి బుడగలు లేస్తాయి. ఎక్కువ వేడి పెట్టి అతికిస్తే మెడ చుట్టూ ముడత చచ్చి అట్టలా అవుతుంది. అందుకే ఆ పావు మీటరు పాప్లిన్. దాన్నీ ముందే తడిపి ఆరేసి, మెడ పట్టీ దాంతో కత్తిరించండి. సాదా పాప్లిన్ మెడని వంకర పోకుండా పట్టుకుంటుంది, లోపలి వైపు సాపుగా ఉంటుంది కాబట్టి మెడ వెనక చెమటకి ఒరుసుకోదు. కుట్టి, వంపుల దగ్గర చిన్న గాట్లు పెట్టి, లోపలికి తిప్పి, అంచు మీద ఒక పై కుట్టు వేయండి. మరీ సన్నగా కావాలంటే పాప్లిన్ క్రాస్ పట్టీతో (ఏటవాలుగా కత్తిరించిన పట్టీతో) పైపింగ్ చేసుకోవచ్చు.

ముందు గుండీలు పెట్టుకునేవాళ్ళు కాజాలు సాపు చార మీద పడేలా పట్టీ చూసుకోండి. ముడత మీద కాజా కుడితే పాదం తడబడి కుట్లు ఎగిరిపోతాయి. లోపల పాప్లిన్ పొర ఒకటి ఉంటే కాజా గట్టిగా నిలుస్తుంది.

ప్రక్క కుట్ల దగ్గర వదులు పడుగు దారాలు పోగులుగా ఊడతాయి, అంచు వదిలేస్తే నెల తిరక్కుండా కుట్టుదాకా వచ్చేస్తుంది. ఓవర్‌లాక్ చేయించే వీలుంటే చేయించండి. లేకపోతే ఫ్రెంచ్ కుట్టు: తిరగవైపులు లోపలికి పెట్టి పావు అంగుళంలో ఒక కుట్టు, కుట్టు బయట మిగిలిన అంచుని సగానికి కత్తిరించి, బట్ట తిప్పి, పోగులు లోపల ఇరుక్కునేలా ముప్పాతిక సెంటీమీటరులో ఇంకో కుట్టు. ఒంటికి తగిలే వైపు ఒక్క పోగూ కనపడదు. చంక వంపులో మాత్రం ఇది లావవుతుంది, అక్కడ పాప్లిన్ క్రాస్ పట్టీ చుట్టేయండి.

కుట్టిన ప్రతి కుట్టునీ ఇస్త్రీ చేస్తేనే బట్టకి రూపం వస్తుందనేది నిజమే. దీనికీ చేయాలి, కానీ ఇలా: బల్ల మీద దళసరి తువ్వాలు పరిచి, కుర్తీని తిరగేసి, ఇస్త్రీ పెట్టె ముక్కుతో కుట్టు మీద మాత్రమే తాకించి ఎత్తండి. రాయకండి. ముడత తువ్వాలులోకి దిగి నలగకుండా ఉంటుంది.

కింది అంచుకి ముప్పావు అంగుళం మడత చాలు. మరీ సన్నగా చుట్టిన అంచు అలలు తిరుగుతుంది, మరీ వెడల్పయితే బరువుకి వేలాడుతుంది. అంచు కుట్టే ముందు కుర్తీని ఒక రాత్రి హ్యాంగరుకి తగిలించి ఉంచండి, ఏదైనా మూల దిగితే తెల్లారి కనపడుతుంది.

గంజి పెట్టకండి

మంగళగిరి బట్టకి, పొందూరు ఖద్దరుకి గంజి పెట్టి, ఫెళఫెళలాడేలా ఇస్త్రీ చేసుకుంటేనే మనకి కట్టుకున్నట్టుంటుంది. అమ్మకి సీర్‌సక్కర్ నైటీ కుట్టిచ్చినప్పుడు రెండో వారమే గంజి నీళ్ళలో ముంచింది. బట్ట రేకులా బిగుసుకుంది, ముడతల సందులన్నీ గంజితో పూడాయి. "ఇది చల్లగా ఉంటుందన్నావే" అని నన్నే అడిగింది. మామూలు నీళ్ళలో రెండుసార్లు జాడిస్తే మళ్ళీ మామూలైంది, ఇప్పుడు ఆవిడే పక్కింటివాళ్ళకి గంజి వద్దని చెప్తోంది.

చన్నీళ్ళలో, మామూలు సబ్బుతో ఉతికి, తిరగేసి, నీడన ఆరేయండి. ఆరేసేటప్పుడు భుజాలు పట్టుకుని రెండుసార్లు దులిపితే చాలు. ఇస్త్రీ అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నర్సులకి గోధుమ రంగు, తెలుపు చారల సీర్‌సక్కర్ యూనిఫాం ఇచ్చింది, రణరంగంలో ఇస్త్రీ చేసే తీరిక ఎవరికి ఉంటుంది. మన ఇళ్ళలో కరెంటు పోయిన పొద్దున్న కూడా దండెం మీద నుంచి తీసి అలాగే తొడుక్కోవచ్చు.

కత్తిరించగా మిగిలిన ముక్కలు పారేయకండి. పక్క నుంచి వచ్చిన పొడుగు ముక్కలతో రెండు దిండు గలేబులు అవుతాయి. రాత్రిపూట చెంప కింద ఆ గరుకు చార తగిలితే, ఫ్యాను గాలి దిండు దాకా వస్తున్నట్టే ఉంటుంది.